సస్కాచెవాన్ పటం, నాగన్న చేను

18 జూన్ 1956, సోమవారం

బడి తెరిచిన మొదటిరోజే కొత్త టైంటేబులు అతికించారు. భూగోళం ఇక నాది కాదు. కొత్తగా వచ్చిన శేషాద్రి మాస్టరుకు ఇచ్చారు. ఆయనకు డిగ్రీ ఉంది. నాకు పన్నెండేళ్ళ సర్వీసు మాత్రమే ఉంది. ఇకమీదట పరంజ్యోతి టీచరంటే కుట్టుపని, నీతిపాఠం. పటాల బీరువా తాళంచెవి ఆయన చేతికిచ్చి, ఆసియా పటం కింది కర్ర విరిగింది, మెల్లగా విప్పండి అని కూడా చెప్పి వచ్చాను.

నాకేమీ బాధ లేదు.

20 జూన్

బాధ లేదని రాశాను కదా. లేదు.

24 జూన్, ఆదివారం

ఈరోజు సంగతి వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

చర్చి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళు ఉంటాయేమో. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, పక్కన బనగానపల్లె మామిడిపండ్ల బుట్ట. ఆళ్ళగడ్డకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె ఆయనది. పేరు ఆదినారాయణ. తాతల కాలం నుంచి సేద్యం చేస్తున్న కుటుంబం. మా చిన్నాన్న కొడుకు జయరాజు తాలూకా ఆఫీసులో గుమాస్తా, వాడు పంపాడట.

జేబులోంచి ఒక సర్కారు కాగితం తీసిచ్చారు. ఇంగ్లీషులో ఉంది. వానమీద ఆధారపడి పంట తీసే రైతును ఒకరిని, మన రాష్ట్రం మొత్తానికి ఒక్కరినే, కెనడాలో సస్కాచెవాన్ అనే రాష్ట్రానికి ఒక పంటకాలం పంపిస్తారు. సెప్టెంబరులో కర్నూలులో ఇంటర్వ్యూ. ఆ సీమ భూగోళం, చరిత్ర తెలిసి ఉండాలి. ఆదినారాయణగారు చదివింది ఐదో తరగతి.

“దాని పేరే నోరు తిరగడం లేదు టీచరమ్మా. యాడుండాదో తెలీదు. నువ్వు భూగోళం బాగా చెప్తావంట. ప్రతి ఆదివారం వస్తా, నాకు...”

చెప్తాను అన్నాను. ఆయన మాట పూర్తి కానే లేదు.

అమ్మ మంచినీళ్ళు తెచ్చింది. దాహం లేదన్నారు. జూన్ ఎండలో ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వచ్చిన మనిషికి దాహం లేదట. అమ్మ చెంబు లోపలికి తీసుకుపోయింది.

నేను ఇప్పుడు చెప్పేది కుట్టుపని అని ఆయనతో అనలేదు.

25 జూన్

ఢిల్లీలోని కెనడా వాళ్ళ హైకమిషనుకు ఉత్తరం రాశాను. ఆ రాష్ట్రం మీద పుస్తకాలుంటే పంపమని అడిగాను. అంతే. వేరే ఏమీ అడగలేదు.

1 జూలై, ఆదివారం

మొదటి పాఠం! పటాలు లేవు. అరుగంతా కడిగించి సుద్దముక్కతో సస్కాచెవాన్ గీశాను. కింద దాదాపు నాలుగువందల మైళ్ళ వెడల్పు, పైన మూడువందలకు లోపు, ఏడువందల అరవై మైళ్ళ పొడవు. నాలుగు గీతలు. ఏ నదీ ఏ కొండా ఆ సరిహద్దును నిర్ణయించలేదు. కాగితం మీద స్కేలు పెట్టి గీశారు. ఆదినారాయణగారు వంగి చూసి, చేతికర్ర అంచుతో ఆ గీత వెంట పోయి, మా ఊర్లో రెండెకరాల చేనుకు కూడా ఇంత తిన్నగా గట్టు లేదన్నారు. ఇంత రాష్ట్రానికి వంకర లేని గట్టు ఎట్లా వచ్చిందని అడిగారు.

అంతకంటే మంచి ప్రశ్న ఇంకోటి అడిగారు. రెండు పక్కల గీతలూ నిట్టనిలువుగా ఉత్తరానికే పోతుంటే పైన సన్నం ఎందుకైంది? పన్నెండేళ్ళలో ఏ పిల్లా నన్ను ఈ ప్రశ్న అడగలేదు. బుట్టలోంచి మామిడిపండు తీసి, కత్తి మొనతో తొక్క మీద తొడిమ వైపు నిలువు గీతలు గీశాను. గీతలన్నీ తొడిమ దగ్గర ఒకటైపోయాయి. ఆయన పండును చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

“అయితే భూమి గుండ్రమనేది నిజమే” అన్నారు, ఇన్నాళ్ళూ మర్యాదకు నమ్మినట్టు.

అరుగు కడగనివ్వలేదు నేను. వారం రోజులు ఎవరూ దాని మీద నడవకూడదని అమ్మతో చెప్పాను. ఇల్లు నీ బడి గాదు అంది అమ్మ. కానీ చీపురు ఆ మూల వరకే వచ్చి ఆగింది.

5 జూలై

వాన జల్లుకు ఉత్తర భాగం అడవులు, సరస్సులు కొట్టుకుపోయాయి. దక్షిణాన గోధుమ మైదానం అట్లాగే ఉంది. మళ్ళీ గీశాను.

8 జూలై, ఆదివారం

ఏడాదికి పదిహేను అంగుళాల వాన. మంచు పడని రోజులు నూరు. ఈ రెండు అంకెలు చెప్పగానే ఆదినారాయణగారు కళ్ళు మూసుకుని వేళ్ళు మడవసాగారు. కొర్ర తొంభై దినాల పంట. అంటే ఆ నూరు దినాల్లో కొర్ర పండుతుంది, మన జొన్న పండదు. నేను బడిలో “శీతోష్ణస్థితి” అని బోర్డు మీద రాసి కింద గీత గీసేదాన్ని. ఈయన ఆ శీతోష్ణస్థితిలో దుక్కి దున్ని, విత్తి, కోసి, నా కళ్ళముందే కుప్ప వేశారు.

మిగిలిన నెలల్లో నేల రాయిలాగా బిగుసుకుపోతుందంటే మాత్రం నమ్మలేదు. ఎద్దులు యాడుంటాయి అని మూడుసార్లు అడిగారు.

14 జూలై

మా బడి ఎస్తేరు టీచరు ఇంటికొచ్చి, ఒక భూస్వామి ఆదివారం ఆదివారం మీ ఇంటికి వస్తున్నాడని మిషను కాంపౌండులో అనుకుంటున్నారు, పరంజ్యోతీ అంది. గొంతు తగ్గించి చెప్పింది. ఆయనకు గోధుమ గురించి చెబుతున్నానన్నాను. ఎస్తేరు నా ముఖంలోకి చూసి, గోధుమ గురించి చెప్పేటప్పుడు ముప్పైఆరేళ్ళ మనిషివి ఇంత వెలిగిపోతావా అంది.

అవును మరి.

21 జూలై, శనివారం

వచ్చింది! ఢిల్లీ నుంచి పార్సెలు. పోస్టాఫీసులోనే దారం తెంపాను. ఆ రాష్ట్రం ఏర్పడి యాభై ఏళ్ళయిన సందర్భంగా పోయినేడు వేసిన రంగుల పుస్తకం, గోధుమల మీద ఒక చిన్న పుస్తకం, లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి, మడతపెట్టిన పెద్ద పటం. పటం వాసన చూశాను. సిగ్గేముంది, ఇది నా డైరీ.

మూడు గంటలకు మొదలుపెట్టి దీపాలు పెట్టేవరకు చదివాను. 1905 సెప్టెంబరు ఒకటిన ఆ రాష్ట్రం పుట్టింది. రాజధానిలో జెండాలు, బ్యాండ్లు. ఆ రాజధానికి ముందున్న పేరుకు అర్థం ‘ఎముకల కుప్ప’! ఆ మైదానంలో లక్షలాదిగా తిరిగిన అడవిదున్నల ఎముకలు అక్కడ గుట్టలుగా ఉండేవట. రైలు వచ్చాక పది డాలర్ల రుసుముకు నూటఅరవై ఎకరాలు ఇచ్చారు. చెట్టు లేని చోట కర్ర ఎక్కడిది, గడ్డితో సహా మట్టిని ఇటుకల్లాగా కోసి ఇండ్లు కట్టుకున్నారు.

పార్సెల్లో ఉత్తరం కూడా ఉంది. ఉత్తరంలో విశేషమేమీ లేదు.

22 జూలై, ఆదివారం

మట్టి ఇండ్ల బొమ్మ చూసి ఆదినారాయణగారు, మిద్దె మీద గడ్డి మొలిస్తే మేకలెక్కుతాయి గదా అన్నారు. పుస్తకంలో తర్వాతి పేజీలో నిజంగానే ఇంటికప్పు మీద ఆవు నిలబడిన బొమ్మ ఉంది. ఇద్దరం నవ్వాం. లోపల అమ్మ కూడా నవ్వింది.

రైతులంతా కలిసి తమ గోధుమను తామే అమ్ముకునే సంఘం పెట్టుకున్నారని చదివినప్పుడు మాత్రం నవ్వలేదు. ఆ పేజీ రెండుసార్లు చదివించుకున్నారు.

30 జూలై

ఈరోజు కుట్టు క్లాసులో ఒక పని చేశాను. ఎనిమిదో తరగతి పిల్లలు పూలగుత్తి, నెమలి అని అడుగుతుంటే, రెండు గజాల గుడ్డ పరిచి సస్కాచెవాన్ గీశాను. నదులకు నీలం దారంతో కాడకుట్టు. గోధుమ నేలకు పసుపు. పై అడవికి ఆకుపచ్చ ముళ్ళకుట్టు. పిల్లలు కుడుతున్నంతసేపూ కథ చెప్పాను. రెండు పాయలుగా పడమటి నుంచి వచ్చిన నది మధ్యలో కలుస్తుంది. రాష్ట్రం పేరు ఆ నది పేరే. ‘వడిగా పారేది’ అని దానికి అర్థం, అది అక్కడి పాతకాపుల మాట. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. వెంకటమ్మ అనే పిల్ల ఉత్తర పాయను ఒక్కతే పూర్తి చేసింది.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చి చూశారు. డిజైను కొత్తగా ఉంది, బల్లగుడ్డకా అని అడిగారు. అవునన్నాను.

5 ఆగస్టు, ఆదివారం

పాఠం: దుమ్ము సంవత్సరాలు. 1930 తర్వాత వరసగా వానలు లేవు. పైమట్టి గాలికి లేచి పగలే చీకటైంది. దీపం పెట్టుకుని అన్నం తిన్నారు, పళ్ళేలు బోర్లించి పెట్టుకునేవారు. నేను వివరించబోతుంటే ఆదినారాయణగారు చెయ్యెత్తి ఆపారు. ఆయనే చెప్పారు, నల్లరేగడి పొడిదుక్కి మీద వేసవి గాలి ఎట్లా పోతుందో, కోత తర్వాత మిగిలిన కొయ్యకాళ్ళు పీకకుండా వదిలిన చేనులో మట్టి ఎట్లా నిలుస్తుందో. గోధుమల పుస్తకంలో అదే రాసి ఉంది. కొయ్యకాళ్ళు వదలండి అని. ఎనిమిది వేల మైళ్ళ అవతల మనుషులు పదేళ్ళు ఏడ్చి నేర్చుకున్న సంగతి ఈయనకు తెలుసు!

ఈయన్ను కాక ఇంకెవరిని పంపుతారు?

12 ఆగస్టు, ఆదివారం

ఇంతవరకు నేను దాటేసిన అధ్యాయం ఈరోజు చెప్పాల్సి వచ్చింది. పోయినసారి పోతూ పోతూ ఆదినారాయణగారు అడిగిపోయారు: నూటఅరవై ఎకరాలు పంచినారు సరే, అంతకుముందు ఆ భూమి ఎవరిది?

చరిత్ర పుస్తకం ముందు పెట్టుకుని తెలుగు చేస్తూ చదివాను. క్రీ అనే జాతివాళ్ళది, ఇంకా కొన్ని జాతులది. అడవిదున్నలే వాళ్ళకు తిండీ బట్టా ఇల్లూ. దున్నలు తరిగిపోయాయి. ఆకలి మొదలైంది. 1876లో రాణీగారి తరఫున దొరలు వచ్చి ఒడంబడిక రాయించుకున్నారు: భూమి మాది, మీకు కొంచెం చోటు విడిగా ఇస్తాం, కరువొస్తే ఆదుకుంటాం. తర్వాత కరువు రానే వచ్చింది. చెప్పిన చోటికి పోయి కూర్చుంటేనే తిండి అన్నారు.

“డెబ్బైఆరంటే మన ధాత కరువు గదా” అన్నారు ఆదినారాయణగారు.

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే. అదే ఏడు! నాకు తట్టనే లేదు! భూమికి ఆ వైపున అక్కడ ఒడంబడిక, ఈ వైపున ఇక్కడ కరువు. ఇంకా చెప్పండి, మీ ఊళ్ళో ఆ కరువు గురించి ఏమంటారు అని అడిగాను.

ఆయన ఉత్సాహంగానే చెప్పారు. ఆ ఏడు ఊరంతా మలమల మాడిందట. వాళ్ళ ఇంట్లో మాత్రం పాతరలో జొన్నలున్నాయి. “చిన్నాగడి చేనని మాకొకటుండాది, ఏడెకరాలు, మంచి రేగడి. అది ఆ కరువులో వచ్చిందేనంట. రెండు తూముల జొన్నలకు. మా అబ్బ చెప్పేవాడు.”

గడప దగ్గర అమ్మ చెనక్కాయలు ఒలుస్తోంది. చేతులు ఆపలేదు.

“చిన్నాగడు గాదు నాయనా. చిన్న నాగన్న” అంది. “మా అమ్మకు నాయన.”

తర్వాత అమ్మే, ఎవరి ముఖమూ చూడకుండా, చెప్పింది. రెండు తూములూ ఇరవై దినాలు వచ్చాయట. తర్వాత నాగన్న ఆ ఊళ్ళోనే పోయాడు. ఎనిమిదేళ్ళ పిల్ల, మా అవ్వ, నంద్యాలలో గంజి పోస్తున్నారని విని ఎవరి వెంటో నడిచి వచ్చింది. ఇక్కడే మిషను వాళ్ళ దగ్గర పెరిగింది.

ఆదినారాయణగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. నాలుగు గంటల బస్సుకు పోవాలన్నారు. ఆయన ఎప్పుడూ ఐదున్నర బస్సుకు పోతారు.

13 ఆగస్టు

అమ్మను అడిగాను: ఇన్నేళ్ళూ ఈ ఊరి పేరు, ఆ చేను సంగతి నాకెందుకు చెప్పలేదు?

“నువ్వు అడిగితివా?” అంది. “నువ్వు అడిగేదంతా కెనడా, జపానేనాయె.”

నిన్న నేను ఎగిరి గంతేసిన సంగతి గుర్తొస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అయినా 1876, 1876 అని మనసు గంట కొడుతూనే ఉంది. ఇదేం మనసు.

19 ఆగస్టు, ఆదివారం

రాలేదు. కుందేరు పొంగి బస్సులు ఆగి ఉంటాయి.

26 ఆగస్టు, ఆదివారం

రాలేదు. కుందేరు పొంగి ఉంటుంది. ఎస్తేరు ఈ మధ్యాహ్నమే ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చింది. అయినా పొంగి ఉంటుంది.

27 ఆగస్టు

ఒక అబద్ధం సరిదిద్దాలి. జూన్‌లో ఢిల్లీకి రాసిన ఉత్తరంలో పుస్తకాలే కాదు, ఉపాధ్యాయులను కూడా పంపే పథకం ఏదైనా ఉందా అని అడిగాను. భూగోళం చెప్పేవాళ్ళను. పార్సెల్లో వచ్చిన ఉత్తరంలో దానికి జవాబు ఉంది. లేదని. చాలా మర్యాదగా, లేదని.

అందుకే ఈయన పోవాలని అంత పట్టుపట్టానేమో. ఈయన కళ్ళతో నేను చూడొచ్చని. ఇప్పుడు ఈయన కూడా రావడం లేదు.

2 సెప్టెంబరు, ఆదివారం

వచ్చారు!

పది గంటల బస్సుకే వచ్చి, అరుగు మీద కాక లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఇంట్లో పాత కాగితాలన్నీ తీయించి చూశారట. కాగితంలో నాగన్న అనే ఉందట. “చిన్నాగడని మేమే అంటిమి” అన్నారు. తర్వాత అమ్మ వైపు తిరిగి మంచినీళ్ళు అడిగారు. అమ్మ చెంబు తెచ్చింది. సగం పైగా తాగారు.

కర్నూలుకు ఇంకా మూడు రోజులే ఉంది. అందుకని పాఠం మొదలుపెట్టాను. నదులు, వానలు, రైలు, సంఘాలు అన్నీ తడుముకోకుండా చెప్పారు. ఆఖర్న ఒక్కటే అడిగారు: ఆ జాతివాళ్ళకు భూమి మళ్ళీ ఇచ్చినారా?

పుస్తకంలో ఇచ్చినట్టు లేదన్నాను. అడిగినట్టు ఉందా అన్నారు. ఆ తర్వాత వాళ్ళ గురించే లేదన్నాను. అంత లావు పుస్తకంలోనా అన్నారు.

9 సెప్టెంబరు, ఆదివారం

ఇంటర్వ్యూ కథంతా పూసగుచ్చినట్టు చెప్పించుకున్నాను. నలుగురు ఆఫీసర్లు. సస్కాచెవాన్ ఎక్కడుంది అంటే ఈయన లేచి, నేల మీద చేతికర్రతో గీసి చూపించారట! పైన సన్నం ఎందుకో కూడా చెప్పారట, మామిడిపండుతో సహా. ఒకాయన పక్కనున్న ఆయనకు వివరించమని మళ్ళీ చెప్పించుకున్నారట. నా పాఠం కర్నూలు సర్కారు ఆఫీసులో!

ఆఖరున, మిమ్మల్ని పంపిస్తే మొదట ఏం చూస్తారు అని అడిగారట. గోధుమ కొట్లు అంటారనుకున్నారు. ఈయన, అక్కడ ముందునుంచీ ఉండినోళ్ళు ఇప్పుడు యాడుండారో చూస్తానన్నారు. అదంతా మీకెందుకయ్యా అని ఒకాయన నవ్వారట.

25 సెప్టెంబరు

కాగితం వచ్చిందని జయరాజు చెప్పి పంపాడు. ఈయన కాదు. గుంటూరు వైపు నుంచి ఎవరో, ఇంగ్లీషు వచ్చినాయన.

ఏడుపు వచ్చింది. ఎవరికోసమో తెలియదు.

7 అక్టోబరు, ఆదివారం

ఆదినారాయణగారు పాఠానికి వచ్చారు. ఇంకేం పాఠమండీ, అయిపోయింది కదా అన్నాను. పోయేదానికేనా నేర్చుకునేది అన్నారు. ఈసారి కొయ్యకాళ్ళు దున్నకుండా నాలుగెకరాలు వదిలానన్నారు. గోధుమల పుస్తకం తెలుగులో రాసివ్వమన్నారు.

అదంతా మాట్లాడాక అమ్మను పిలిచారు.

“కర్నూల్నుంచి బస్సులో వస్తా అనుకుంటి. వాళ్ళు యాడుండారో జూడ్డానికి అంత దూరం పొయ్యే పనేముండాది, నంద్యాలలోనే ఉండారు గదా అని. నాగన్న చేను మా అన్నదమ్ముల పంపకంలో సగం నాకొచ్చె, సగం మా తమ్ముడు రామయ్యకు. నా దాంట్లో రెండెకరాలు నీ పేరుకు దానం రాసిస్తా, మణెమ్మా.”

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

“దానమైతే వద్దు” అంది. “ముక్కా వద్దు. నీ భాగం మూడున్నర గదా. ఏ ధరకు పొయిందో ఆ ధరకే నేను కొంటా. ఏడెకరాలకు రెండు తూములు. మూడున్నరకు ఒక తూము.”

అమ్మ ఉన్నది కూడా పోగొడుతోందే అనుకున్నాను. ఆయన ఇంట్లో అడగాలన్నారు. లేచి వెళ్ళిపోయారు.

“పోతే పోనీ” అంది అమ్మ.

14 అక్టోబరు, ఆదివారం

రాలేదు. ఈసారి కుందేరు మీద నెట్టను.

గోధుమల పుస్తకం తెలుగులో పదకొండు పేజీలు రాశాను. ఎవరికోసమైనా కానీ.

21 అక్టోబరు, ఆదివారం

వచ్చారు. సన్నబడ్డారు. భార్య లింగమ్మగారు ఆయనతో మాట్లాడి పద్నాలుగు దినాలైందట, తమ్ముడు రామయ్య అయితే ఇంటికే రావడం లేదట.

“తూము జొన్నలు తీసుకుని సోమవారం కాక ఆపై సోమవారం ఆళ్ళగడ్డకు రా మణెమ్మా, రిజిస్ట్రారు ఆఫీసుకు” అన్నారు. “విత్తే అదను దాటిపోతాండాది. బేగా తేల్చుకుంటే ఈ కారు పంటే నువ్వు వేసుకోవచ్చు.”

అమ్మ సరేనంది. చెనక్కాయల చాట తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. నేను వెనక వెళ్ళి చూస్తే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను పొమ్మని చెయ్యి ఊపింది.

25 అక్టోబరు

అమ్మ సంతలో నాలుగు అంగళ్ళు తిరిగి జొన్నలు ఎంచింది. రెండు తూములు కొంది. ఒకటి చాలు కదా అంటే, రెండోది రామయ్యకు అంది.

29 అక్టోబరు, సోమవారం

సెలవు పెట్టాను. పన్నెండేళ్ళలో ఇది నా రెండో సెలవు.

బస్సులో అమ్మ జొన్నల సంచి ఒడిలోనే పెట్టుకుంది. కింద పెట్టమంటే వినలేదు. ఎడమ కిటికీలో నల్లమల కొండలు మా వెంటే వచ్చాయి. రోడ్డుకు రెండు పక్కలా నల్ల దుక్కి, చెట్టన్నది లేకుండా కొండల దాకా. పన్నెండేళ్ళు ప్రెయిరీ మైదానమంటే ఏమిటో పిల్లలకు నోటితో చెప్పాను, ఈ కిటికీలోంచి చూపించి ఉంటే సరిపోయేది!

దస్తావేజు రాసే ఆయన కలం ఆపి, వెల కింద తూము జొన్నలు అని ఎట్లా రాసేదని అడిగాడు. రూపాయలు రాయాలట. జొన్నల వెల కట్టి రాసుకో, జొన్నల మాటా రాయి అంది అమ్మ. సంగతి రిజిస్ట్రారు దాకా వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తీసి అమ్మను చూసి, ఆదినారాయణగారిని చూసి, రెండూ రాయమన్నారు. చేనుకు నాలుగు హద్దులు చెప్పమంటే ఆదినారాయణగారు చెబుతుంటే నేను కాగితం మీద పటం గీశాను. తూర్పు వాగు, దక్షిణం బండ్లదారి, పడమర ఆదినారాయణగారిదే ఇంకో చేను, ఉత్తరం రామయ్యగారి సగం. వాగు దగ్గర గీత మూడు వంకరలు తిరిగింది. నేను గీసిన వాటిలో ఇంత చిన్న పటం లేదు.

రాసేవాడు అమ్మను వృత్తి ఏమిటని అడిగాడు. నలభై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసింది అమ్మ. నేను ఆ మాట చెప్పేలోగా “సేద్యం” అంది.

పేరు రాసేచోట నాగన్న మనవరాలు అని కూడా రాయించింది. వేలిముద్ర వెయ్యలేదు, సంతకం చేసింది, ఒక్కొక్క అక్షరం నిలబెట్టి. తర్వాత సంచి విప్పి, ఆఫీసు వసారాలోనే, ఆదినారాయణగారి తువ్వాల్లోకి తూము నిండా కొలిచి పోసింది. గింజ కింద పడలేదు. ఆయన తువ్వాలు మూటకట్టుకుని భుజాన వేసుకున్నారు. మనిషి కాస్త వంగాడు.

బయట బండి దగ్గర రామయ్య నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. అమ్మ ఆయన దగ్గరికి పోయి, నీ తూము మా ఇంట్లో ఉండాది నాయనా, ఎప్పుడొచ్చినా సరే అని చెప్పింది. ఆయన తల తిప్పుకున్నాడు. పొమ్మని మాత్రం అనలేదు.

31 అక్టోబరు, బుధవారం, సాయంత్రం

రేపటి నుంచి మనది ఆంధ్రప్రదేశ్. కర్నూలు రాజధాని కాకుండా పోతోందని స్టాఫ్‌రూములో ఏడుపుముఖాలు కొన్ని, హైదరాబాదు అని సంబరం కొన్ని. బడిలో ఏడు గంటలకు జెండా, పాటలు, మిఠాయి. టీచర్లంతా తప్పకుండా ఉండాలని హెడ్‌మిస్ట్రెస్ నోటీసు తిప్పారు. కొత్త రాష్ట్రం ఎట్లా పుట్టిందో పిల్లలకు ఎవరైనా పటం మీద చూపించండి అంటే శేషాద్రి మాస్టరు, పరంజ్యోతి టీచరు అయితే బాగా చెబుతారండీ అన్నారు. ఆయన మంచివాడే. ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు కానీ మంచివాడే.

ఇంకో రోజు చెబుతానన్నాను.

ఆదినారాయణగారు కబురు చేశారు: నేల పదును మీద ఉంది, విత్తనం వేసే గొర్రులు రెండు, నాలుగు ఎద్దులు రేపు పొద్దునకు సిద్ధం, మణెమ్మ వచ్చి మొదటి పిడికెడు వేస్తేగానీ గొర్రు కదలదు. లింగమ్మగారు జొన్న సంగటి పంపుతున్నారట చేనుకు.

సెలవు చీటీ రాసి హెడ్‌మిస్ట్రెస్ చేతికిచ్చాను. కారణం అన్నచోట జ్వరం అని రాయబోయి ఆగాను. పిదప రాశాను: సొంత సేద్యపు పని.

ఆవిడ చదివి తలెత్తారు. ఏమిటిది అన్నారు. మాకు మూడున్నర ఎకరాలుందండీ, రేపు విత్తుతున్నాం అన్నాను. ఎంత గట్టిగా అన్నానో తెలియదు, పక్క గదిలో పిల్లలు చదువుతున్నది ఆపేశారు.

రేపు పొద్దున ఆరు గంటల బస్సు. అమ్మ ఇప్పటికే చెప్పులు గడప దగ్గర పెట్టుకుంది.